తొంభయ్యో రోజు ఫోటో

వాకిట్లో పీట వేసుకుని రాత్రి అంట్లు తోముతున్నాను. అన్నం గిన్నె అడుగంటింది. పీచుకు రాక గోరుతో గీకుతుంటే పక్కింటి గేటు చప్పుడైంది. తలెత్తి చూస్తే రాధమ్మ పెద్దమ్మ.

టైము పొద్దున ఏడున్నర. తెల్లవారి ఆరు గంటల షిఫ్టుకు పోయిన మనిషి. మధ్యాహ్నం మూడు దాటితే గానీ ఇంటికి రాదు. టిఫిన్ సంచి ముడి కూడా విప్పలేదు. కంపెనీ ఇచ్చిన నీలం కోటు ఒంటి మీదే ఉంది. మెడలో కార్డు తాడు వేలాడుతోంది. తాడు చివర కార్డు లేదు.

సబ్బు చేతులతోనే లేచి గోడ దగ్గరికి పోయాను. "ఏమైంది పెద్దమ్మా? పానం మంచిగ లేదా?"

"నన్నడుగుతవేందే నిస్సీ? మొన్న ఫోటో తీసుకపోయింది నువ్వే గదా." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గేటు కాడ లిస్టుల పేరు లేదన్నరు. నా ఒక్కదానిది కాదు, ముప్పై ఎనిమిది మందివి. కార్డులు తెంపుకున్నరు. బస్సు మిమ్మల్ని ఎక్కించుకోదు పోండ్రి అన్నరు. ఆడికెల్లి నడుసుకుంట వచ్చిన."

మొన్న అంటే తొంభయ్యో రోజు. ఆ రోజు నేను ట్యాబు పట్టుకుని కంపెనీ గేటు దగ్గరికి పోయాను. ఆడవాళ్లంతా షిఫ్టు దిగి తల వెంట్రుకలు సర్దుకుని, ఒకరి బొట్టు ఒకరు చూసి సరిచేసి, పండగకు నిలబడ్డట్టు వరసలో నిలబడ్డారు. రాధమ్మ పెద్దమ్మ పటాన్‌చెరులో అరకిలో మైసూర్‌పాక్ కొనుక్కొచ్చింది. మొదటి ముక్క నా నోట్లోనే పెట్టింది. "ఫోటో అయిందంటే ఇగ పర్మినెంటే గదనే" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. నాకూ తెలియదు. ఒక్కొక్కరి ముందు ట్యాబు పట్టుకుని "కండ్లు ఆర్పు పెద్దమ్మా" అనడమే నాకు తెలుసు. కన్ను ఆర్పితే బతికున్న మనిషని అది నమ్ముతుంది. పచ్చ టిక్కు పడుతుంది.

నా పని చెప్తాను. మేం ఉండేది పటాన్‌చెరు దాటాక హైవే పక్కన కాలనీలో. జోగిపేటలో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చుంటే వెలుగుబాట ఫౌండేషన్ వాళ్లు నన్ను మొబిలైజర్‌గా తీసుకున్నారు. ఆడవాళ్లకు ఉద్యోగాలు ఇప్పించే సర్కారు పథకం ఒకటి ఉంది. సర్కారు దాన్ని తన చేత్తో నడపదు, ఫౌండేషన్‌కు అప్పజెప్పింది. నేను ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయాలి. ఫౌండేషన్ పదిహేను రోజులు శిక్షణ ఇస్తుంది. చేతులు ఎలా కడగాలి, సార్లు వస్తే ఎలా లేచి నిలబడాలి. తరవాత మాత్రల కంపెనీ ప్యాకింగ్ హాల్లో పెట్టిస్తుంది. మొదటి మూడు నెలల జీతంలో సగం సర్కారే భరిస్తుంది. తొంభయ్యో రోజున మనిషి ఇంకా పనిలోనే ఉందని ముఖం ఫోటో పడితే, ఆమె ఉద్యోగం నిలిచినట్టు లెక్క. ఫౌండేషన్ పని అక్కడితో పూర్తి.

తొంభై ఒకటో రోజు గురించి ఆ పథకంలో ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నమే ముప్పై ఎనిమిది మందీ ఫౌండేషన్ ఆఫీసుకు పోయారు. మా మీద ఉండే మధుబాబు సారు అందరికీ కుర్చీలు వేయించాడు. మంచినీళ్లు ఇప్పించాడు. ఆయన ఎవరినీ కసురుకోడు.

"మీరంతా మా కుటుంబం అమ్మా. కానీ మా బాధ్యత తొంభై రోజుల వరకే. ఆ తర్వాత మీకూ కంపెనీకీ మధ్య విషయం. మేం మధ్యలో రాకూడదు."

కంపెనీ గేటుకు పోతే లోపలి నుంచి ఒక్కరూ రాలేదు. బిహారు నుంచి వచ్చిన గార్డు చేతులు జోడించాడు. "తుమ్ లోగ్ కంపెనీ కా నహీ అమ్మా. ఫౌండేషన్ కా ట్రైనీ. ఉధర్ జాకే పూఛో." వాళ్లు కంపెనీ మనుషులు కారట, ఫౌండేషన్‌నే పోయి అడగాలట.

మూడో రోజు సంగారెడ్డిలో పథకం చూసే సర్కారు ఆఫీసుకు పోయారు. కాగితాలు చదివి పెట్టడానికి నన్నూ రమ్మన్నారు. కడుపునొప్పి అని సెలవు పెట్టి పోయాను. అక్కడి గుమస్తా చాలాసేపు కంప్యూటర్లో వెతికాడు.

"మిమ్మల్ని ఎవరు తీసేసిన్రమ్మా? మీరే రాజీనామా చేసిన్రు గదా."

"మేమా? ఎప్పుడు?" అంది రాధమ్మ పెద్దమ్మ.

ఆయన తెర మా వైపు తిప్పాడు. ముప్పై ఎనిమిది పేర్లు. ప్రతి పేరు పక్కన ఒకటే కారణం. కుటుంబ కారణాలు.

 ఆ మాట నింపింది నేనే. ఫోటో తీసిన రోజే ఇంకో ఫారం నింపించారు. ఇది ఫాలో అప్ ఫారం, వీళ్లకు ఇంకా మంచి ఉద్యోగం చూడడానికి పనికొస్తుంది అన్నాడు మధుబాబు సారు. కారణం అని ఒక గడి ఉంటే అక్కడ ఏం రాయాలి సార్ అని అడిగాను. 'కుటుంబ కారణాలు' అని పెట్టెయ్, ఖాళీగా ఉంచితే సిస్టమ్ తీసుకోదు అన్నాడు. పెట్టేశాను. వీళ్లంతా నన్ను నమ్మి వేలిముద్ర వేశారు.

తిరిగి వస్తుంటే బస్సులో రాధమ్మ పెద్దమ్మ కిటికీ వైపు చూస్తూ, "గట్ల రాసినోని చెయ్యి ఇరగ" అంది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. 

మాతో పాటు ఎంకమ్మ అత్త కూడా సంగారెడ్డికి వచ్చింది. ఆమెది మొదటి బ్యాచి. యాభై దాటిన మనిషి, మొగుడు పోయినా రూపాయంత బొట్టు మానలేదు, నోరు ఊరంత. అంతకు మూడు నెలల ముందు ఆమెను తీసేశారు. మొదటి బ్యాచి నలభై మందీ నాలుగు ఊళ్ల వాళ్లు. ఎవరికి వాళ్లు తమదే తప్పనుకున్నారు. ఎంకమ్మ అత్త తన చెయ్యి నెమ్మది గనక పంపించారనుకుంది, వీళ్ల సంగతి వినేదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

బస్సులో ఆమె అంది: "ఫౌండేషనోడు కంపెనీని అడుగుమంటడు. కంపెనీవోడు ఫౌండేషన్‌ని అడుగుమంటడు. సర్కారోడు కంప్యూటర్ని అడుగుమంటడు. మనం ఏ ఇంటి కోడండ్లమో మనకే తెల్వకుంటాయె."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో దిగి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. అక్కడితో ఆగిపోయింది. ఒకామె చల్లని గోదాములో కూలికి కుదిరింది, ఇంకొకామె అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో గిన్నెలు కడగడానికి కుదిరింది. సంగారెడ్డిలో ఫిర్యాదు రాసిచ్చిన కాగితానికి జవాబు రాలేదు.

వారం తిరక్కుండా మూడో బ్యాచి పనిలోకి పోయింది. అందులో మా అమ్మ మార్తమ్మ ఉంది.

రాధమ్మ పెద్దమ్మ మా ఇంటితో మాట్లాడడం మానేసింది. గోడ మీదుగా కూర గిన్నె రావడం ఆగిపోయింది. "నా స్టూలు మీద పోయి కూసున్నది" అని వీధిలో వాళ్లతో అనేది, మాకు వినపడేట్టు. అమ్మ రొట్టె కాలుస్తూ నాతో అనేది: "నేను పోకుంటే ఆ స్టూలు ఖాళీగ ఉంటదా? ఇంకొకరు పోతరు. నాయిన జీతం ఇంటి కిరాయికే సాలదాయె." మా నాన్న సుందర్‌రాజు అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అమ్మ మాటలో అబద్ధం లేదు. పెద్దమ్మ మాటలోనూ లేదు.

ఒకరోజు పెద్దమ్మ కూతురు నిహారిక నా దగ్గరికి వచ్చింది. ఇంటర్ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. "నిస్సక్కా, నాలుగో బ్యాచిల నా పేరు రాయి. మా అమ్మే రాయమన్నది" అంది. రాశాను. ఈ గోడకు అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు, మధ్యలో ఒకే ఒక స్టూలు. పేర్లు మాత్రం ఒకదాని తరవాత ఒకటి నేనే రాస్తున్నాను.

అమ్మ పనిలో చేరి డెబ్బై రోజులయింది. అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది:

"నిస్సీ, ఒక మనిషి రెండు తీర్ల బొట్టు పెడ్తదా?"

"ఎందుకు?"

మాత్రల కంపెనీల్లో పనిచేసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. హాల్లోకి పోయే ముందు గాజులు, పూలు, పిన్నీసులు, బొట్టు అన్నీ తీసేయాలి. ఒక్కొక్కరికి ఒక ఇనప పెట్టె ఇస్తారు. బొట్టు బిళ్ల పారేయడం ఎందుకని ఆడవాళ్లు దాన్ని పెట్టె తలుపు లోపలి వైపు అంటిస్తారు. షిఫ్టు దిగాక మళ్లీ తీసి పెట్టుకుంటారు, అది ఊడిపోతే పనికొస్తుందని ఇంకో బిళ్ల అక్కడే ఉంచుతారు. మేం క్రైస్తవులం, అమ్మకు బొట్టు లేదు. అంటించేది ఏమీ లేదు గనక తలుపు మీద ఉన్నది ఆమె కంట్లో పడింది.

"నా పెట్టె పదిహేడో నంబరు. తలుపుకు రెండు బిళ్లలున్నయ్. ఒకటి నల్లది, నడుమ పచ్చరాయి. ఇంకోటి ఎర్రది, రూపాయంత ఉంటది."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా వైపు రూపాయంత ఎర్ర బొట్టు పెట్టేది ఒక్కతే.

"అమ్మా, రేపు మిగిలినోళ్ల పెట్టెలు గూడ సూడు."

మర్నాడు అమ్మ బస్సు దిగి లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నలభై పెట్టెలు సూసినం. ఇప్పుడున్నోళ్లవి గాక అన్నింటికీ పాతవి ఉన్నయ్. కొన్నింటికి రెండు తీర్లు, కొన్నింటికి ఒకటి. ఒక్క పెట్టె గూడ కొత్తది లేదు. హాల్ల స్టూళ్లు లెక్కపెట్టిన. నలభయ్యే."

నా ట్యాబులో నూటపద్దెనిమిది ఉద్యోగాలు ఉన్నాయి. నూటపద్దెనిమిది పచ్చ టిక్కులు.

అమ్మ బొటనవేలి గోరు మీద ఏదో అంటించుకుని వచ్చింది. అలాగే గోడ దగ్గరికి నడిచింది.

"రాధక్కా, జెర ఇటు రా."

"నీతోని నాకేం మాటలున్నయ్?" పెద్దమ్మ బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరగలేదు.

"మాట్లాడకు. గిది సూడు సాలు."

పెద్దమ్మ వచ్చి గోరు మీద బిళ్లను చూసింది. వేలితో తాకింది. "గిది నాదే. ఏడుపాయల జాతరల కొన్న."

"దీని పైన ఇంకోటి ఉన్నది. ఎర్రది."

పెద్దమ్మ చేతిలో తడి చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఎంకమ్మదా?" అంది.

"ఎంకమ్మను తీసి నిన్ను కూసోబెట్టిన్రు. నిన్ను తీసి నన్ను. ఇరవై రోజులైతే నన్ను తీస్తరు. నాకు బొట్టు గూడ లేకపాయె, నేను ఆడ ఉంటినని తలుపు మీద ఆనవాలన్న ఉండదు." అమ్మ పెద్దమ్మ వెనక తలుపులో నిలబడ్డ నిహారికను చూపించింది. "నా ఎనుక ఎవరో ఎరికేనా? నీ బిడ్డ."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మహిళా సంఘం గదిలో కూడారు. గది పట్టక వరండాలోనూ కూర్చున్నారు. మూడు బ్యాచీల వాళ్లు, నాలుగో బ్యాచి పిల్లలు, అందరూ కలిసి వంద దాకా ఉంటారు. ఎంకమ్మ అత్త నాలుగు ఊళ్లూ తిరిగి మొదటి బ్యాచి వాళ్లను పట్టుకొచ్చింది.

నేను లేచాను. అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. "మీరు రాజీనామా చేసినట్టు కుటుంబ కారణాలని ట్యాబుల పెట్టింది నేను. డెబ్బై ఎనిమిది మందికి నేనే పెట్టిన" అన్నాను.

వరండాలో వాళ్లు గుమ్మంలోకి తోసుకొచ్చారు. తరవాత ఎంకమ్మ అత్త అరిచింది. "ఓసి నీ ఇల్లు బంగారం గాను! నా మొగడు సచ్చి పదేండ్లాయె, పిల్లలా లేకపాయె. నాకు కుటుంబ కారణం ఏడికెల్లి తెచ్చినవే?"

గది అంతా నవ్వింది. నవ్వు ఆగగానే వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. "చదువుకున్న పిల్లవని వేలు ఏసినం", "జీతానికి మమ్ముల అమ్ముకున్నవ్". రాధమ్మ పెద్దమ్మ తిట్టలేదు. "నా చేతి మైసూర్‌పాక్ తిన్నవ్ గదనే" అంది. అంతే అంది. తిట్లన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ మాటకు కూర్చుండిపోయాను.

తరవాత వాదన మొదలైంది. మూడో బ్యాచి ఆమె ఒకతె లేచి, "మూడు నెలలన్న పని ఇచ్చిన్రు గదా. వాళ్లతోని కొట్లాడితే ఆ మూడు నెలలు గూడ పోతయ్" అంది. అవునని కొందరు తలలు ఊపారు. మళ్లీ సంగారెడ్డికి పోయి కాగితం ఇద్దామని కొందరు. "ఎన్ని కాయిదాలు ఇస్తవ్? నీ కాయిదం మీద వాళ్లు మిర్చి బజ్జీలు తింటున్నరు" అని ఎంకమ్మ అత్త.

నిహారిక లేచింది. "నాకు పని వద్దా? కావాలె. కని మార్తమ్మ చిన్నమ్మను లేపి ఆ స్టూలు నాకిస్తే నాకొద్దు. మూడు నెలలైనంక నన్ను లేపి ఇంకొక పోరికి ఇస్తరు. హాల్ల ఇంకొక స్టూలు ఎయ్యమను, కూసుంట."

"మరి ఏం జెయ్యాలె చెప్పు" అన్నారు.

అందరూ నా వైపు చూశారు. వాళ్లకు కావలసింది ఏమిటో నాకు తెలుసు, రోజూ దాన్నే మోసుకుని తిరుగుతున్నాను. "మీరు చేసే పని కంపెనీకి కావాలె. ఫౌండేషన్‌కి మీ పనితోని పని లేదు, మొఖం కావాలె. చేరిన రోజు ఒకసారి, తొంభయ్యో రోజు ఒకసారి. మొఖం పడకపోతే లెక్కల పడదు. లెక్కల పడకపోతే సర్కారు ఫౌండేషన్‌కి పైసలియ్యదు, సగం జీతం కంపెనీకి ఇయ్యదు" అన్నాను.

ఎంకమ్మ అత్త తొడ మీద చరిచింది. "అయితే మొఖమే ఇయ్యద్దు!"

ఆ తరవాత వాదన చాలా తేలిక అయింది. మూడో బ్యాచి తొంభయ్యో రోజు ఫోటో, నాలుగో బ్యాచి మొదటి ఫోటో ఒకే శనివారం పెట్టారు. పటాన్‌చెరు ఫంక్షన్ హాల్లో, జిల్లా అధికారి ముందు. ఆ రోజు ఏం అడగాలో అనుకున్నాం. రాజీనామాలన్నీ రద్దు చేయాలి. తీసేసిన వాళ్లందరినీ కంపెనీ సొంత జీతాల పట్టీలోకి తీసుకోవాలి. నాలుగో బ్యాచికి కొత్త స్టూళ్లు వేయాలి, ఎవరినీ లేపకూడదు. ఇవి రాసిస్తేనే ముఖం.

శనివారం హాలు నిండిపోయింది. వేదిక మీద మహిళా ఉపాధి మహోత్సవం అని పెద్ద బ్యానరు. ఫౌండేషన్ పెద్దాయన సూర్యప్రకాశరావు గారు తెల్లబట్టల్లో వచ్చారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఎదురుగా నూటయాభై మంది ఆడవాళ్లు కంపెనీ టోపీలు పెట్టుకుని, మాస్కులు కళ్ల దాకా లాక్కుని కూర్చున్నారు. తీసేసిన వాళ్లకు టోపీలు లేవు గనక చున్నీలు, కొంగులు చుట్టుకున్నారు.

ఆయనకు అది నచ్చింది. "చూశారా సార్, మా తల్లుల క్రమశిక్షణ! యూనిఫాంలో వచ్చారు" అని అధికారితో చెప్పి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

మధుబాబు సారు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మొదట మా అమ్మ పేరు. అమ్మ వేదిక ఎక్కింది. నేను ట్యాబు పట్టుకుని నిలబడ్డాను.

"మాస్క్ తియ్యండమ్మా" అన్నాడు సారు.

అమ్మ తీయలేదు. ట్యాబులోని గొంతు "ఫేస్ నాట్ డిటెక్టెడ్" అంది.

"మార్తమ్మగారూ, వినపడిందా? మాస్క్."

"ఫేస్ నాట్ డిటెక్టెడ్" అంది ట్యాబు మళ్లీ.

తరవాత నిహారికను పిలిచాడు. ఆ అమ్మాయి చున్నీ ఇంకాస్త పైకి లాక్కుంది. తరవాత ఇంకొకరు. ఇంకొకరు. ప్రతిసారీ ఆ ట్యాబు అదే మాట. కింద కూర్చున్న వాళ్లు దానితో గొంతు కలిపారు. "ఫేస్ నాట్ డిటెక్టెడ్!" ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మలు కూడా అరుస్తున్నారు. హాలు అదిరిపోతోంది.

రాధమ్మ పెద్దమ్మ లేచి మా మూడు మాటలూ చెప్పింది. తడబడలేదు. అధికారి వాచీ చూసుకుని, "రాతపూర్వకంగా ఇవ్వండి, పరిశీలిస్తాం" అన్నాడు.

"ఇచ్చినం సారూ. మూడు నెలలాయె. ఏడ పరిశీలిస్తున్నరో ఆడికే తీసుకపో మమ్ముల."

మధుబాబు సారు నా చెవి దగ్గర పళ్లు బిగించి అన్నాడు. "నిస్సీ, వీళ్లు నీ మనుషులు. మాస్కులు తీయించు. లేదంటే రేపటి నుంచి రావక్కర్లేదు."

ఎంకమ్మ అత్త వేదిక కింద నిలబడి చెయ్యి చాచింది. "ఇటియ్యే పిల్లా దాన్ని." నేను వంగి ట్యాబు ఆమె చేతిలో పెట్టాను. రాజీనామాల పట్టీ తెరిచి మరీ పెట్టాను. ఆమె దాన్ని తల మీదికెత్తి అధికారి ముందుకు పోయింది. "సూడు సారూ. ఎంకమ్మ. కుటుంబ కారణాలట. నా కుటుంబం ఏడున్నదో సర్కారు ఎతికి పెట్టాలె నాకు!"

అధికారి కోసం వచ్చిన పోలీసులు ఆమె రెండు రెక్కలూ పట్టుకున్నారు. జీపు ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. గంట సేపు కదలనివ్వలేదు. చివరకు ఇంకో జీపు వచ్చింది, లాగి పక్కన పడేశారు, ఎంకమ్మ అత్తను తీసుకుపోయారు. అందరం నడిచి స్టేషన్‌కు పోయి గేటు ముందు కూర్చున్నాం. పొద్దుగూకక ముందే ఆమెను వదిలి, తెల్లారి తొమ్మిదింటికి మళ్లీ రమ్మన్నారు. సర్కారు పనికి అడ్డం వచ్చిందని, ట్యాబు గుంజుకుందని కేసు రాస్తారట. సాక్షి వాంగ్మూలం రావాలట. ఆ సాక్షి ఎవరో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి మధుబాబు సారు మా ఇంటికి వచ్చాడు. నాన్న ప్రార్థనకు ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. అమ్మ తల దువ్వుకుంటోంది. సారు కుర్చీలో కూర్చుని, టైపు చేసిన కాగితం ఒకటి, పెన్ను ఒకటి బల్ల మీద పెట్టాడు.

"నిన్న కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు నిస్సీ. నువ్వు ఉద్యోగంలోనే ఉన్నావు. ట్యాబు ఆవిడ నీ చేతిలోంచి లాక్కుంది, అంతే కదా జరిగింది. ఆ మాటే ఇందులో ఉంది. సంతకం పెట్టు చాలు."

నేను పెన్ను ముట్టుకోలేదు. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

"మార్తమ్మగారూ, మీ గురించి నిన్న సాయంత్రమే కంపెనీతో మాట్లాడాం. మీ తొంభయ్యో రోజు ఫోటోతో ఇంక పని లేదు. నేరుగా కంపెనీ పట్టీలోకి తీసుకుంటారు. పర్మినెంట్. ఆ బ్యాచిలో మీరొక్కరే." లేచి నిలబడ్డాడు. "తొమ్మిదింటికల్లా కాగితం స్టేషన్‌లో ఉండాలి. నేను అక్కడే ఉంటాను."

కారు పోయిన చప్పుడు వినిపించింది. నాన్న చొక్కా గుండీలు సగంలో వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు.

"బిడ్డా, కోపం జెయ్యకు. నేను చెప్పేది ఇను" అన్నాడు. "ఎనిమిదేండ్లు కంపెనీలల్ల కాంట్రాక్టు మీద పని జేసిన. ఇప్పుడు అపార్ట్‌మెంటు కాడ గూడ కాంట్రాక్టే. పర్మినెంట్ అన్న మాట నాతోని ఒక్కడు అన్లే. ఇయ్యాల మనింటికి వచ్చి, కుర్సీల కూసుండి అంటున్నరు. ఎంకమ్మకు ఏమైతది? ఒకపూట కూసోబెట్టి తిడ్తరు, పంపిస్తరు. మనకు జిందగీ మారుతది."

"నేనే ఇచ్చిన నాయినా. ఆమె గుంజుకోలే."

"అది నీకు, ఆమెకు తెలుసు."

"నూటయాభై మంది సూసిన్రు."

"సూసినోళ్లు మనకు బియ్యం పోస్తరా?" నాన్న గొంతు పెరిగింది. తరవాత తగ్గింది. నాన్న చెడ్డవాడు కాడు. ఆయన కళ్లు బల్ల మీది కాగితం మీదే ఉన్నాయి. ఎనిమిదేళ్లకు పైగా ఎదురు చూసిన మాట ఆ కాగితంతోనే వస్తుంది.

గోడ అవతల రాధమ్మ పెద్దమ్మ ఇంటి ముందు మాటలు వినపడుతున్నాయి. స్టేషన్‌కు పోవడానికి ఆడవాళ్లు ఒక్కొక్కరే పోగవుతున్నారు. ఎవరో నిహారికను నీళ్ల సీసాలు నింపమంటున్నారు. మా ఇంట్లోంచి ఎవరు వస్తారని అడగడం లేదు. మధుబాబు సారు కారు వాళ్లంతా చూసే ఉంటారు.

నేను కాగితం వెనక్కి తిప్పాను. ఖాళీగా ఉంది. పెన్ను తీసుకుని రాశాను. ట్యాబు ఎంకమ్మ లాక్కోలేదు, నేనే నా ఇష్టంతో ఆమె చేతిలో పెట్టాను. డెబ్బై ఎనిమిది మంది రాజీనామా చేయలేదు. ఆ రాజీనామాలు నింపింది నేను. నింపమన్నది మధుబాబు. ఏ తేదీల్లో నింపానో గుర్తున్నంత వరకు రాశాను. కింద పేరు పెట్టి, ముందు వైపు టైపు చేసిన అక్షరాల మీద అడ్డంగా రెండు గీతలు గీశాను. నాన్న వినాలని అంతా పైకి చదివాను.

నాన్న కుర్చీలోంచి లేచాడు. "నీ ఉద్యోగం నువ్వు ఇడిసిపెట్టుకో బిడ్డా, నీ ఇష్టం. నీ మీద గూడ కేసైతది, అది గూడ నీ ఇష్టం. కని అది మీ అమ్మ నౌకరి. పెన్నుతోని కొట్టేయనీకె నువ్వెవరు? ఆమెనడుగు."

నిజమే. ఆ స్టూలు నాది కాదు. నేను అమ్మ వైపు చూశాను. నాన్న కూడా చూశాడు.

అమ్మ జడ ముడి వేసుకుంది. దువ్వెనలో వెంట్రుకలు తీసి చుట్టి గూట్లో పెట్టింది. బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు చదవడం రాదు. కాగితాన్ని అటు తిప్పి అచ్చు చూసింది, ఇటు తిప్పి నా రాత చూసింది. నా సంతకం మీద వేలు పెట్టి తడి ఆరిందో లేదో చూసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది.

నాన్న "మార్తా" అన్నాడు.

అమ్మ చెప్పులు తొడుక్కుంది. మా ఇద్దరితోనూ ఒక్క మాట అనకుండా గుమ్మం దాటి, గేటు తీసి, ఆడవాళ్లు నిలబడ్డ వైపు నడిచింది.